ఎంత రావాలి సార్?

ఆ బడిలో సైన్సు చెప్పే మేష్టారికి పిల్లలు పెట్టుకున్న పేరు ‘నూటికి నూరు’. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో ఆయన దగ్గర చదివి సైన్సు తప్పినవాడు ఒక్కడూ లేడు. ఉన్నాడని ఎవరైనా అంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ప్రయోగాల గదిలో ఆయనకో పద్ధతి ఉండేది. సామాన్లు ముట్టుకోకముందే పిల్లలు, “ఎంత రావాలి సార్?” అని అడిగేవాళ్ళు. ఆయన నల్లబల్ల మీద ఓ మూల ఆ అంకె చిన్నగా వేసేవారు. గంటసేపు గిన్నెలూ గొట్టాలూ మోగాక అందరి రికార్డుల్లోనూ ఆ అంకే ఉండేది. లోలకం ఊపినా అంతే, నీళ్ళు మరిగించినా అంతే. తనిఖీకి వచ్చిన అధికారి ఆ రికార్డులు తిరగేసి మెచ్చుకుని వెళ్ళేవాడు. ఇందులో ఒకర్నొకరు మోసం చేసుకుంటున్నామని ఎవరూ అనుకోలేదు. బడంటే అంతే కాబోలనుకున్నారు.

ఆ వేసవిలో పై నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. సైన్సు ఉపాధ్యాయులు సెలవుల్లో ఆరు వారాలు పరిశోధనశాలలో పనిచేసి రావాలి, సైన్సు చెప్పేవాళ్ళకు సైన్సు చేయడం కూడా తెలియాలి అని దాని సారాంశం. మేష్టారికి ఒంటికి కారం రాసుకున్నట్టయింది. ఇన్నాళ్ళూ తాను చేసిందేమిటట? యాభై రెండేళ్ళ వయసులో తన చేతికి పలకా బలపం ఇస్తారా, మొక్కై వంగనిది మానై వంగుతుందా అని హెడ్మాస్టరు గదిలో కాసేపు గొణిగారు. హెడ్మాస్టరు అంతా విని, బడి పరువు నిలబెట్టేది మీరే కదా, మిమ్మల్ని కాక ఎవర్ని పంపను అన్నారు. ఆ ఒక్క ముక్కతో ఆయన మెత్తబడ్డారు. ఇంటావిడైతే ఆరు వారాలు పగలంతా ఇల్లు తనదేనని తెలిసి, మర్నాడే కొత్త టిఫిను డబ్బా కొనుక్కొచ్చింది.

పరిశోధనశాల ఊరి అవతలి కొసన, రెండు బస్సులు మారి వెళ్ళాల్సినంత దూరంలో ఉంది. ఎత్తు మీది ఊరు కావడంతో వేసవిలో కూడా పొద్దున పూట గాలి చల్లగా తగిలేది. ఆయన్ని వేసింది విత్తనాల విభాగంలో. పొడుగాటి గది, ఉక్కు బల్లలు, గోడ వారన సన్నగా మూలిగే మూడు నీటితొట్టెలు, వెనక చలిగదిలో వరసగా సీసాలు, ప్రతి సీసా మీదా ఒక చీటీ. ఆ విభాగం చూసుకునే పరిశోధకురాలికి ముప్ఫై ఏళ్ళు దాటి ఉంటాయి, అంటే ఆయన కూతురి ఈడు. జుట్టు ముడిలో పెన్సిలు దోపుకుని, అది కనబడటం లేదని బల్లంతా వెతికే మనిషి. ఆ గదిలో ఉన్న ఇంకో మనిషి గాజు సామాను కడిగే పెద్దాయన. ఆయన్ని అందరూ ‘గాజులాయన’ అనేవాళ్ళు. గాజులాయన్ని పిలవండి అని మొదటిరోజు ఎవరో కేకేస్తే, పరిశోధనశాలలో గాజులమ్మే వాడెందుకా అని మేష్టారు గుమ్మం వైపు చూశారు.

పరిశోధకురాలు ముందుగా చూపించింది అక్కడి నోటుపుస్తకం. ప్రతి పేజీకీ అచ్చులో అంకె ఉంది. పేజీ చించకూడదు, పెన్సిలు వాడకూడదు, తెల్లరంగు పూయకూడదు. తప్పు రాస్తే దాని మీద ఒకే ఒక్క గీత గీయాలి, కింద రాసింది చదవడానికి వీలుండాలి. పక్కన సరైన అంకె, దిద్దడానికి కారణం, సంతకం, తేదీ. ఎడమ పక్క ఖాళీలో ఇంకొకరు ‘చూశాను’ అని రాసి సంతకం పెట్టాలి. మేష్టారు ఆ కొట్టివేతల పుస్తకాన్ని తిప్పి తిప్పి చూశారు. ఇంత మురికి పుస్తకం తన ఏడో తరగతి వాడు తెస్తే చెవి మెలేసి ఉండేవారు. ఆ మాట పైకి అనలేదు, కొత్త చోటు కదా.

ఆ రోజే ఆమె ఆయన చేతికి ఒక కొత్త థర్మామీటరు ఇచ్చింది. ఆరు వారాలూ నీటితొట్టెల వేడి చూసేది దానితోనే, కాబట్టి ముందు అది నిజం చెబుతోందో లేదో తేల్చాలి. మంచులో పెట్టి ఒకసారి, మరిగే నీళ్ళలో పెట్టి ఒకసారి, ఎంత చూపిస్తే అంత రాయాలి. మేష్టారు నోటికి అలవాటైన మాటే వచ్చింది.

“ఎంత రావాలమ్మా?”

ఆమె నవ్వేసింది. “రావడమేంటి మేష్టారూ? ఎంత వస్తే అంత.”

అంతలో ఎవరో పిలిస్తే వెళ్ళింది. మంచులో సున్నా వచ్చింది, రాశారు. నీళ్ళు కళపెళలాడాయి, రేఖ పైకి పాకి తొంభై ఏడు దగ్గర ఆగింది. ఆయన చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు, తొంభై ఏడే. ఇంకా పూర్తిగా అందుకోలేదులే, కాస్త ఉంటే అదే వస్తుందనుకున్నారు. కాస్త ఉన్నారు. అది కదల్లేదు. ఈలోగా ఆయన కుడిచెయ్యి, ఇరవై ఏడేళ్ళుగా వేలాది రికార్డులు దిద్దిన చెయ్యి, గడిలో నూరు అని అందంగా రాసేసింది. దానికి ఆయన్ని అడిగే అలవాటు ఎప్పుడో పోయింది.

పరిశోధకురాలు తిరిగొచ్చి ఆ అంకె చూసి కనుబొమలు ముడిచింది. నూరేనా, బాగా చూశారా అని అడిగింది. ఇరవై ఏడేళ్ళ సర్వీసమ్మా అన్నారు ఆయన, కొంచెం నొచ్చుకుని. పెద్దాయన్ని ఇంకోసారి అడగడం బాగుండదనుకుందో ఏమో, ఆమె తన బల్ల దగ్గరికెళ్ళి లెక్క వేసుకుంది. థర్మామీటరు మెడకు దారంతో ఒక చీటీ కట్టింది. అసలు వేడి నలభై రెండు కావాలంటే ఇది నలభై మూడు పాయింటు మూడు చూపించేదాకా ఉంచాలి అని ఆ చీటీలో ఉంది. కొత్త వస్తువైనా మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందే అని తనలో తాను అనుకుంది. మేష్టారు అప్పటికే గాజులాయనతో పరిచయం పెంచుకునే పనిలో ఉన్నారు.

తర్వాతి రోజులు ఆయనకు బాగా గడిచాయి. తడి కాగితం మీద గింజలు పేర్చడం, మొలకలు లెక్కపెట్టడం, పూటకోసారి తొట్టె వేడి చూసి రాయడం. వేలితో తాకకుండా పటకారుతో గింజ తిప్పడం వారంలో పట్టుబడింది. ఇంటికెళ్ళి ఇంటావిడకు మొలక గురించి చెబుతుంటే ఆవిడ, పెళ్ళయిన కొత్తలో కూడా ఇన్ని కబుర్లు చెప్పలేదని ఎత్తిపొడిచింది.

చలిగదిలో అన్ని సీసాలూ ఒక ఎత్తు, అడుగు వరసలో ఉన్న చిన్న సీసా ఒక్కటీ ఒక ఎత్తు. అందులో ఒక పాత రకం జొన్న ఉంది, మొత్తం నూట అరవై గింజలు. మూడేళ్ళు వరసగా వానల్లేక చుట్టుపక్కల చేలన్నీ మాడిపోతే, ఒక్క ముసలమ్మ చేలో మాత్రం ఆ జొన్న కంకి వేసిందట. పరిశోధకురాలు వెతుక్కుంటూ వెళితే ముసలమ్మ ఆ సీసా ఇచ్చి, ఎండకు ఇది ఆగినట్టు ఇంకేదీ ఆగదు తల్లీ, పోనివ్వకు అందట. నేను చూసుకుంటానవ్వా అని చెప్పి, బస్సులో దారి పొడుగునా సీసా ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఆ తర్వాత ముసలమ్మ పోయింది. చేలో ఇళ్ళు లేచాయి. ఇంకెక్కడా ఆ గింజ లేదు.

దాన్ని మళ్ళీ పండించాలంటే సంస్థ పొలంలో చోటు దొరకాలి. నలభై రెండు డిగ్రీల వేడిలో అయిదు రోజులుంచినా సగం మొలిస్తేనే చోటు. లేకపోతే సీసాని మూలన పెట్టేస్తారు, అక్కడే పుచ్చిపోతుంది. పొలంలో వేసే రకాల జాబితా నెలాఖరుకు ముగుస్తుంది. నాలుగో వారంలో ఆమె గుండె చిక్కబట్టుకుని నూట ఇరవై గింజలు తీసి మూడు పళ్ళేల్లో పేర్చి, మూతలు పెట్టి నీటితొట్టెలో ఉంచింది. పక్కనే వేరే రకాలు కూడా పెట్టారు, వాటికేం, బస్తాలున్నాయి. అయిదు రోజులూ పూటపూటా వేడి చూసి రాసింది మేష్టారే. ఒక్కసారి కూడా నలభై మూడు పాయింటు మూడు నుంచి రేఖ తొణకనివ్వలేదు.

అయిదో రోజు మూతలు తీస్తే మూడంటే మూడే మొలిచాయి. మిగతావి నానిపోయి, గోధుమరంగు తిరిగి, కాగితానికి అతుక్కుపోయి ఉన్నాయి. ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. అవ్వ ఏదో అభిమానం కొద్దీ చెప్పి ఉంటుంది మేష్టారూ అంది. సాయంత్రానికి ‘వేడికి ఆగదు’ అని రాసి జాబితా పంపేస్తానంది. మేష్టారికి జాలేసింది. ఏం చెప్పాలో తెలియక, కాస్త సాయం చేద్దామని గాజులాయన కడిగే గదిలోకి వెళ్ళారు.

అక్కడ పెద్ద అల్యూమినియం గిన్నెలో సీసాల మూతలు మరుగుతున్నాయి. గిన్నె అంచున పాత థర్మామీటరు ఒకటి వేలాడుతోంది. అదెందుకని మేష్టారు అడిగారు. ఊరికే, తోచక పెట్టానన్నాడు గాజులాయన.

“ఎనిమిదేళ్ళయింది మేష్టారూ, ఈ గిన్నె తొంభై ఏడు దాటగా చూళ్ళేదు. ఎంత మంట పెట్టినా అంతే. మా ఆవిడ కోపంలా కాదు, దీనికో హద్దుంది.”

మేష్టారు నవ్వబోయారు. నవ్వు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. రైలు స్టేషన్లో ఊరి పేరు కింద, సముద్రమట్టానికి తొమ్మిది వందల పన్నెండు మీటర్లు అని నల్ల అక్షరాలతో రాసి ఉంటుంది. నాలుగో పాఠంలో, ఎత్తు పెరిగేకొద్దీ నీరు మరిగే ఉష్ణోగ్రత తగ్గును అని ఉంటుంది. ఆ వాక్యం ఆయన ఇరవై ఏడేళ్ళు చెప్పారు. నిద్రలో లేపినా చెబుతారు. ఆ ఎత్తు మీదే ఇల్లు కట్టుకుని, ఆ ఎత్తు మీదే బడి నడుపుతూ, ఆ పిల్లల చేతే నీళ్ళు నూరు దగ్గర మరిగాయని రాయించారు. ఈ ఊళ్ళో నీళ్ళు నూరు దగ్గర ఎన్నడూ మరగలేదు. ఆ థర్మామీటరు మొదటిరోజునే నిజం చెప్పింది. అబద్ధం చెప్పింది ఆయన. లేని మూడు డిగ్రీల తప్పును దాని మెడకు కట్టి, గింజల్ని నలభై రెండులో ఉంచుతున్నామనుకుని నలభై మూడు దాటిన వేడిలో అయిదు రోజులు ఉడకబెట్టారు. అంచు మీదున్న గింజకు ఆ డిగ్రీ పైచిలుకే చావు.

అందరూ భోజనాలకు వెళ్ళాక ఒక్కరే ఆ థర్మామీటరు తెచ్చి మళ్ళీ మరిగే నీళ్ళలో పెట్టారు. తొంభై ఏడు. ఈసారి పావుగంట నిలబడ్డారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని ఆయనకు తెలుసు.

సాయంత్రం ఆమె కాగితాలు సర్దుకుంటుంటే, కాస్త ఆగమ్మా అన్నారు. మొదటిరోజు తాను నూరు రాసిన చోట తొంభై ఏడు ఉండి ఉండాలని చెప్పారు. ఆమె ముఖం పాలిపోయింది. పెన్సిలు కోసం జుట్టు తడుముకుని, దొరికాక, కాగితం మీద రెండు వరసల లెక్క వేసింది. నూట ఇరవై అని పెదాలు కదిపింది. ఆ తర్వాత తల ఎత్తి చూసి, ఎదురుగా ఉన్నది తండ్రి వయసు మనిషని గుర్తొచ్చి కాబోలు, గొంతు తగ్గించి కళ్ళజోడు ఎప్పుడు మార్చారని అడిగింది. నాలుగేళ్ళయిందన్నారు ఆయన. అదే అయి ఉంటుందంది ఆమె. ఆయన కాదనలేదు. నాలుగేళ్ళయిన మాట నిజమే మరి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడానికి అంతకన్నా మంచి గిన్నె దొరకదు.

ఆమె నోటుపుస్తకం తీసి నూరు మీద ఒక గీత గీసి, తొంభై ఏడు వేసి, కారణం గడిలో రాయాల్సింది ‘చూపు ఆనకపోవడం వల్ల’ అని ఒక చీటీ మీద పెన్సిలుతో రాసి ఆ పేజీలో పెట్టింది. కొత్త కళ్ళజోడు పెట్టుకుని రేపు మీరే సిరాతో రాసి సంతకం పెట్టండి, ఇంకా నలభై గింజలున్నాయిగా అంది. ఆ దయ ఆయనకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

కూతురు బజారువీధిలో కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. మేష్టారి ఒక్కగానొక్క కూతురు. చిన్నప్పుడు ప్రశ్నల పుట్ట. ఆకాశం ఎందుకు నీలం, ఐసు ఎందుకు తేలుతుంది అని అన్నం తిననిచ్చేది కాదు. తొమ్మిదో తరగతి తర్వాత ఎందుకో అడగడం మానేసింది. సైన్సు తప్ప ఏదైనా చదువుతానంది, చదివింది, పెళ్ళయింది, బాగానే ఉంది. వారానికోసారి ఇంటికొస్తుంది, తండ్రి మందులు వేసుకున్నాడో లేదో చూస్తుంది. కానీ ఆయన్ని ఏదీ చెప్పమని అడగదు. పెద్దదైంది కదా, అందుకేననుకుని ఆయన సరిపెట్టుకున్నారు.

ఆ సాయంత్రం ఆమె ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదుటి పలక మీది అక్షరాలు చదవమంది. ఆయన కింది వరస కూడా గడగడా చదివేశారు. కూతురు కదలకుండా చూసి పలక తిప్పేసింది. నాలుగేళ్ళ క్రితం కూడా ఇంతే చేశావు నాన్నా, బెంచీ మీద కూర్చుని ముందే కంఠతా పట్టావు అంది. దుకాణంలో సాయానికున్న కుర్రది నవ్వింది. మేష్టారు కొత్త పలక ఒక్కొక్క అక్షరమే చూసుకుంటూ చదివారు. కూతురు అద్దాలు మార్చి మార్చి చూసింది, పాత కళ్ళజోడు కొలిచింది, తుడిచి మళ్ళీ ఆయన ముక్కు మీదే పెట్టింది.

“నీ చూపేం మారలేదు నాన్నా. ఈ జోడుతో అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి.”

దుకాణాల్లో మంచిమాటగా చెప్పే ఆ మాట వినగానే ఆయన తల వంచుకున్నారు. ఎందుకని కూతురు అడగలేదు. ఆయనే చెప్పారు: కొత్త థర్మామీటరు, మరిగే నీళ్ళు, తొంభై ఏడు, నూరు, ముసలమ్మ సీసా, అన్నీ. ఆమె వింటూ కళ్ళజోళ్ళ అరలో ఫ్రేములు సర్దుతూ ఉంది. తొంభై ఏడు దగ్గర ఆమె చేతులు ఆగాయి.

“నాక్కూడా తొంభై ఏడే వచ్చింది” అంది.

ఎప్పుడని ఆయన అడగాల్సిన పనిలేకపోయింది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, ఆయనకే గుర్తొచ్చింది. తొమ్మిదో తరగతి, ప్రయోగాల గది. నలభై రికార్డుల్లో నూరు, ఒక్క రికార్డులో తొంభై ఏడు. మేష్టారి కూతురివి, థర్మామీటరు చూడటం రాదా అని క్లాసందరి ముందూ అన్నారు. అంతే వచ్చింది నాన్నా అంది. ఇక్కడ నాన్నా గీన్నా లేదు, సార్ అను అన్నారు. అంతే వచ్చింది సార్ అంది. నీరు నూరు డిగ్రీల వద్ద మరుగును అని వందసార్లు రాసి తెమ్మన్నారు. నూరుకి నూరు, లెక్క సరిపోయిందని తన హాస్యానికి తానే మురిసిపోయారు. క్లాసంతా నవ్వింది.

“వందసార్లు రాశాను నాన్నా. ఎనభయ్యోసారికి, నాకే సరిగా కనబడలేదేమో అనిపించింది” అంది కూతురు. కోపంగా అనలేదు. ఎవరో గిరాకీ వస్తే అటు వెళ్ళింది. తన చూపునే నమ్మలేకపోయిన పిల్ల ఇప్పుడు పదిమందికి చూపు సరిచేస్తోంది. ఆమె చూపును చెడగొట్టింది మాత్రం తానేనని ఆయనకు ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు తెలిసింది. ఇంటికి నడిచే వెళ్ళారు.

మర్నాడు పరిశోధకురాలు రాగానే నోటుపుస్తకం తీసుకుని ఆమె బల్ల దగ్గరికెళ్ళారు. కొత్త జోడు రాలేదా అని ఆమె అడిగింది.

“నా కళ్ళు బాగానే ఉన్నాయమ్మా. తొంభై ఏడు నాకు కనిపించింది. కనిపించినా నూరే రాశాను, నూరు రావాలి కదా అని.”

నిన్నటి దయ ఆమె ముఖంలోంచి మెల్లగా పోవడం ఆయన చూశారు.

“కళ్ళు కనబడకపోతే జోడు మారుస్తాం మేష్టారూ. దీనికేం మార్చాలి?”

ఆమె ఆ చీటీ తీసేసి పుస్తకం ఆయన ముందుకు జరిపింది. కారణం గడిలో ఆయన సిరాతో, ‘తొంభై ఏడు చూసి, నూరు రావాలని నూరు రాశాను’ అని రాసి సంతకం పెట్టారు. ఆమె ఎడమ పక్క ‘చూశాను’ అని రాసి, ఒక నాలుగు రోజులు మీరు అంకెలు ముట్టుకోవద్దు అంది.

ఆ నాలుగు రోజులూ ఆయన గాజులాయన పక్కన నిలబడి సీసాలు కడిగారు. ఏ సీసా అయినా మూడుసార్లు కడగాలి, రెండుసార్లు కడిగి మూడు అనకూడదు, అంతే ఇక్కడి చదువు అన్నాడు గాజులాయన. బడిలో ఇన్నేళ్ళు తాను చెప్పిందంతా ఆ ఒక్క ముక్కకు సరితూగదని మేష్టారికి అనిపించింది. మూడోసారి కడగడం ఒక్కనాడూ మానలేదు.

అయిదో రోజు పొద్దున పరిశోధకురాలు కడిగే గది గుమ్మంలో నిలబడి పిలిచింది. మిగిలిన నలభైలో ఇరవై పెడతాను, ఇరవై దాచుకుంటాను, థర్మామీటరు ముందు మళ్ళీ తేల్చాలి, మీరే చూడండి అంది. ఆయన చూశారు. తొంభై ఏడు, రాశారు. పాత చీటీ తెంపేసింది ఆమె. ఈసారి తొట్టెను నలభై రెండు దగ్గరే ఉంచారు.

ఆ అయిదు రోజులూ ఎలా గడిచాయో ఆయనకే తెలియాలి. సగమంటే పది. పది రావాలి అన్న మాట గొంతు దాకా వచ్చేది, మింగేసేవారు. మూతలు తీసిననాడు ఆమె లెక్కపెట్టలేదు, పటకారు ఆయన చేతికిచ్చి గోడ వైపు తిరిగింది. ఆయన ఒకసారి లెక్కపెట్టారు. రెండోసారి కొస నుంచి మొదటికి లెక్కపెట్టారు. పదకొండు. ఆ అంకె చెప్పగానే ఆమె రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. అవ్వ అబద్ధం చెప్పలేదు మేష్టారూ అంది. తక్కువ గింజలే అయినా జాబితాలో చోటు దొరికింది. పదకొండు మొలకల్నీ కుండీల్లో పెట్టారు. నూట ఇరవై మాట ఇద్దరూ ఎత్తలేదు, కానీ అది ఆ గదిలోనే ఉంది. వెళ్ళేనాడు ఆయనకిచ్చిన కాగితంలో ‘ఆరు వారాలు హాజరయ్యారు’ అని మాత్రం ఉంది. ‘ప్రశంసనీయంగా’ అన్న మాట అందరి కాగితాల్లో ఉంటుందట, ఆయనదాంట్లో లేదు. న్యాయమేననుకుని జేబులో పెట్టుకున్నారు.

ఆ ఆదివారం అటక మీంచి కూతురి పుస్తకాల పెట్టె దింపారు. ఈ వయసులో నిచ్చెనెక్కి నడుం విరగ్గొట్టుకోవాలా అని ఇంటావిడ కింద నుంచి సాధిస్తూనే నిచ్చెన పట్టుకుంది. తొమ్మిదో తరగతి రికార్డు దొరికింది. మధ్యలో మడతపెట్టిన నాలుగు కాగితాలు, నూరు వరసలు. అరవై దాటాక అక్షరాలు వంకర్లు పోయాయి. మరిగే నీటి పేజీలో ఆయన ఎర్రసిరా నూరు, దాని కింద ఏముందో తెలియకుండా అడ్డదిడ్డంగా కొట్టేసిన గీతలు. పరిశోధనశాలలో అలా కొట్టడం నేరం. పేజీ తిప్పి వెనక వేలితో తడిమితే కలం గట్టిగా నొక్కిన ఆనవాలు తగిలింది. తిరగబడిన తొమ్మిది, పక్కన ఏడు.

ఆయన తన ఎర్ర నూరు మీద ఒకే ఒక్క గీత గీశారు. పక్కన తొంభై ఏడు వేశారు. కారణం దగ్గర, ‘అమ్మాయికి వచ్చిందే సరైనది. తప్పు మేష్టారిది’ అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేశారు. ఎడమ పక్క ఖాళీగా ఉంచారు. దాన్ని ఒక సంచిలో పెట్టుకుని బజారువీధికి వెళ్ళారు.

దుకాణంలో గిరాకీ లేదు. కూతురు పేజీ చూసింది. పైనుంచి కిందికి ఒకసారి చదివి, ఆ గీత దగ్గర వేలు పెట్టింది. ఆమె ఎడమ పక్క ఖాళీని చూసింది.

“ఇక్కడేం రాయాలి నాన్నా?”

పదిహేడేళ్ళ తర్వాత ఆమె ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న అది. చూసినవాళ్ళు ‘చూశాను’ అని రాసి సంతకం పెట్టాలమ్మా, తేదీ వెయ్యాలి అని చెప్పారు.

ఆమె కలం తీసుకుని ‘చూశాను’ అని రాసింది. సంతకం పెట్టింది. కింద తేదీ వేసింది. అది ఇవాళ్టి తేదీ కాదు, ఆ పేజీ నెత్తిన తొమ్మిదో తరగతి పిల్ల గుండ్రటి అక్షరాలతో రాసుకున్న తేదీ. దిద్దడానికి మేష్టారి చెయ్యి అలవాటుగా కదిలింది. కదిలి ఆగింది. తేదీ తప్పు కాదు. ఆమె చూసింది ఆ రోజునే.